19 ఊళ్లు చూశాను, మా వీధిలో ఒక్కరూ తెలియదు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం. వయసు 29. పెళ్లయి రెండేళ్లయింది. మా వారు ఇటలీలో, టురిన్‌లో ఇంజనీరు. ఫ్యామిలీ వీసా మీద నేనొచ్చి 14 నెలలైంది. హైదరాబాద్‌లో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను, ఇక్కడికి రావడం కోసం మానేశాను. ఆయన చాలా మంచివారు. ప్రతి శని, ఆదివారాలు ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తారు. రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, నేపుల్స్... ఇప్పటికి 19 ఊళ్లు చూశాం. ఫొటోలు చూసి అందరూ నా అంత అదృష్టవంతురాలు లేదంటున్నారు. కానీ సోమవారం పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్లాక శుక్రవారం దాకా నేను పగలంతా మాట్లాడేది ఫోన్లో అమ్మతోనే. భాష రాదు. కూరగాయల నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ ఆయనే చూస్తారు. ఈ మధ్య శనివారం బ్యాగు సర్దాలంటేనే ఏడుపొస్తోంది. ఈ వారం ఇంట్లో ఉందామంటే, "నీ కోసమే కదా ఇంత తిప్పేది" అని బాధపడ్డారు. ఒక ఏడాది హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చేసుకుని మళ్లీ వద్దామనిపిస్తోంది. అది తప్పా? మీరు ఇదే ఊళ్లో ఏడేళ్లు ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ప్రేమగా చూసుకునే భర్త ఉన్నారు, ఆకాశం తేటగా ఉన్న రోజు వీధి చివర ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి, ఇంకా దిగులేమిటని మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. ఆ పని మానేయండి. ఉద్యోగం, అమ్మ, స్నేహితులు, నోటికొచ్చిన భాష, అన్నీ ఒకే రోజు విమానాశ్రయంలో వదిలేసి వచ్చిన మనిషికి దిగులు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మేము టురిన్‌లో దిగింది 2009 నవంబరులో. సాయంత్రం ఐదింటికల్లా చీకటి. మా వారు పొద్దున ఏడున్నరకు వెళ్లిపోతే వంట చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి గడియారం చూసేదాన్ని. పదిన్నర కూడా అయ్యేది కాదు. దిగిన రెండో వారంలో ఒక్కదాన్నే సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. అక్కడ కూరగాయలు చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని తీసుకోవాలనీ, మనమే తూకం యంత్రం మీద పెట్టి, ఆ కూరగాయ నంబరు నొక్కి, వచ్చిన స్టిక్కరు అంటించుకోవాలనీ నాకు తెలియదు. కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. టమాటాలు, వంకాయలు, పాలు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

ఆ సాయంత్రం మా వారు, "నువ్వు వెళ్లకులే, ఆఫీసు నుంచి వస్తూ నేనే తెస్తాను" అన్నారు. ప్రేమతోనే అన్నారు. అప్పటి నుంచి కూరగాయలు, పోస్టాఫీసు, కొమూనె అనే మున్సిపాలిటీ కార్యాలయం, డాక్టరు అపాయింట్‌మెంట్ అన్నీ ఆయనే. శనివారమైతే రైలు. వెనిస్ చూశాం, సియెనా చూశాం, లూక్కా చూశాం. సోమవారం మళ్లీ అదే గది. ఏడాది గడిచాక గాని నాకు అర్థం కాలేదు, నేను ఆ దేశంలో కాపురం ఉంటున్నా చుట్టపుచూపుగానే ఉన్నానని. చుట్టాన్ని అందరూ బాగానే చూసుకుంటారు, నాలుగు చోట్లకి తిప్పుతారు, పని మాత్రం ముట్టుకోనివ్వరు. నాలుగు రోజులైతే బాగుంటుంది. 14 నెలలు ఎవరూ ఉండలేరమ్మా. మీ ఏడుపు వెనిస్ మీద కాదు, మీ వారి మీదా కాదు. ఆ ఊళ్లో మీదంటూ ఒక్క పని కూడా లేకపోవడం మీద.

అందుకే హైదరాబాద్ సంగతి తేల్చే ముందు ఒకటి చేసి చూడండి. ఇంటి పనుల్లో బయటివి ఒక్కొక్కటిగా మీ చేతికి తీసుకోండి. కూరగాయలతో మొదలుపెట్టండి. మీ ఊళ్లో పోర్తా పలాత్సో సంత ఉంది. ఐరోపాలోని పెద్ద బహిరంగ సంతల్లో అదొకటి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాకా, శనివారం సాయంత్రం దాకా ఉంటుంది. సూపర్ మార్కెట్లో అన్నీ మనమే చేసుకోవాలి, సంతలో అందుకు తిరగా మరగా. పండు మీద చెయ్యి వేయకూడదు, అడిగితే అమ్మేవాళ్లే ఏరి ఇస్తారు. కాబట్టి నోరు తెరవక తప్పదు, మనకు కావలసిందీ అదే. అరకిలో అంటే 'మెద్జో కీలో', వంద గ్రాములంటే 'ఉన్ ఎత్తో'. ఈ రెండు మాటలతో మొదటి నెల గడిచిపోతుంది. కొత్తిమీర అనుకుని ప్రెత్సేమొలో, అంటే పార్స్లీ కట్ట తెచ్చుకోకండి, చూడ్డానికి అలాగే ఉంటుంది, నలిపి వాసన చూసి తీసుకోండి. చుట్టుపక్కల వీధుల్లో ఆసియా సరుకుల కొట్లున్నాయి. పప్పులు, పచ్చిమిర్చి, అదృష్టం బాగుంటే కరివేపాకు దొరుకుతాయి. శనగపిండికి మాత్రం అంత దూరం వెళ్లక్కర్లేదు, 'ఫరీనా ది చేచి' పేరుతో మామూలు దుకాణంలోనే ఉంటుంది.

మొదటి రెండుసార్లు మీ వారిని సంచీ పట్టుకోవడానికి తీసుకెళ్లండి, మాట్లాడేది మీరే అని ముందే ఒప్పందం చేసుకోండి. మూడోసారి ఒక్కరే వెళ్లండి. ఒకే దుకాణానికి వెళ్లండి. నాలుగో వారానికి ఆ మనిషి మిమ్మల్ని గుర్తుపడతాడు. 'బొంజోర్నో సిన్యోరా' అని పలకరిస్తాడు. అంత పెద్ద ఊళ్లో మిమ్మల్ని ఒకరు గుర్తుపట్టడం ఎంత బలమో ఆ రోజు తెలుస్తుంది.

తర్వాత డాక్టరు. మీకు తెస్సెరా సనితారియా, అంటే ఆరోగ్య కార్డు ఉండే ఉంటుంది, ప్రభుత్వ ఆరోగ్య సేవలో నమోదైనవాళ్లు ఒక కుటుంబ వైద్యుణ్ణి ఎంచుకుంటారు. ఆ క్లినిక్‌లో చాలాచోట్ల టోకెన్లు ఉండవు, క్యూ కూడా కనపడదు. లోపలికి వెళ్లగానే అందరికీ వినపడేలా 'కీ ఎ లుల్తిమో?' అని అడగాలి. ఆఖరున వచ్చింది ఎవరని అర్థం. ఒకరు చెయ్యి ఎత్తుతారు, వాళ్ల తర్వాత మీరు. ఆ గదిలో కూర్చున్న ముసలమ్మలతో మాట కలపడం టురిన్ మొత్తంలో అన్నిటికన్నా సులువు. వాళ్లకి కావలసినంత సమయం ఉంటుంది, ఎవరైనా వింటారా అని చూస్తుంటారు. సగం అర్థం కాకపోయినా తల ఊపండి, రెండో నెలకి ముప్పావు వంతు అర్థమవుతుంది.

భాష గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు అనవసరంగా భయపడతారు. మన తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇటాలియనూ అంతే. తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అన్నది ఊరికే కాదు. ఇంగ్లిష్ వాళ్లు నానా తంటాలు పడే ఒత్తులు మనకు పుట్టుకతో వచ్చాయి. గడికీ గడ్డికీ తేడా పలకగలిగిన నోరు, 'కాసా' అంటే ఇల్లు, 'కాస్సా' అంటే డబ్బు కట్టే చోటు అన్న తేడా ఒక్క పూటలో పట్టుకుంటుంది. 'సోనో' అంటే ఉన్నాను, 'సొన్నో' అంటే నిద్ర. త, ద అక్షరాలు కూడా మనలాగే నాలుక పళ్లకు తాకించి పలుకుతారు. ఇంకొకటి, వాళ్లకీ నువ్వు, మీరు ఉన్నాయి. 'తూ' అంటే నువ్వు, 'లేయి' అంటే మీరు. పెద్దవాళ్లని, కొత్తవాళ్లని, కార్యాలయాల్లో వాళ్లని లేయి అనే పిలవాలి. ఎప్పుడు మీరు నుంచి నువ్వులోకి దిగాలో ఇంగ్లిష్‌లో పెరిగినవాళ్లకి ఏళ్ల తరబడి అర్థం కాదు. ఖమ్మంలో పెరిగినవాళ్లకి అది ఎవరూ నేర్పక్కర్లేదు.

పెద్దలకి ఇటాలియన్ నేర్పడానికి ప్రభుత్వమే నడిపే బడులున్నాయి. చీపీయా అంటారు. ఫీజు నామమాత్రం. మీ ఊళ్లోనూ ఉన్నాయి. ఎక్కువమంది సెప్టెంబరులో చేరతారు, మధ్యలో తీసుకుంటారేమో వెళ్లి అడగండి. ఫోన్ చేయొద్దు, మెయిల్ పెట్టొద్దు, వెళ్లండి. ఎ2 అనే ప్రాథమిక స్థాయి దాకా అక్కడే చదవచ్చు. ఐదేళ్ల తర్వాత దీర్ఘకాలపు పెర్మెస్సో, అంటే నివాస అనుమతి కార్డు కావాలంటే ఆ ఎ2 ఎలాగూ అడుగుతారు, పౌరసత్వానికైతే దాని పై మెట్టు బి1 కావాలి. కానీ నేను వెళ్లమంటున్నది కాగితం కోసం కాదు. నా తరగతిలో మొరాకో నుంచి ఇద్దరు, పెరూ నుంచి ఒకరు, రొమేనియా నుంచి ముగ్గురు, చైనా నుంచి ఒక అమ్మాయి ఉండేవాళ్లం. అందరం తప్పులు మాట్లాడేవాళ్లమే. ఎవరి ముందూ సిగ్గుపడక్కర్లేని గది అది. టురిన్‌లో నా మొదటి స్నేహితురాలు ఇటాలియన్ కాదు, ఆ మొరాకో ఆమే. మధ్యాహ్నం తరగతి అయ్యాక ఇద్దరం వచ్చీరాని ఇటాలియన్‌లో మా అత్తగార్ల గురించి చెప్పుకునేవాళ్లం.

ఇరుగుపొరుగు సంగతి. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గంటలు చప్పుడు చేయకూడదన్న నియమం ఉంటుంది. అది తెలియక నేనొక రోజు రెండింటికి మిక్సీలో కొబ్బరి పచ్చడి వేశాను. కింది అంతస్తు పెద్దావిడ పైకొచ్చి తలుపు కొట్టింది, కోపంగానే ఉంది. నాకు మాటలు రాలేదు. మిక్సీ చూపించి, 'స్కూజి, స్కూజి' అంటూ ఒక గిన్నెలో పచ్చడి పెట్టి ఇచ్చాను. మర్నాడు గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు, అందులో ఆవిడ చేసిన ఆపిల్ కేకు ముక్కలున్నాయి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్నది మా ఇంట్లోనూ పద్ధతే. తర్వాత ఆరేళ్లు ఆవిడే నాకు దిక్కు. ఇళ్ల కరెంటు కనెక్షన్ మామూలుగా 3 కిలోవాట్లే ఉంటుంది. వాషింగ్ మెషీన్, ఓవెన్, ఇస్త్రీ ఒకేసారి పెడితే మెయిన్ పడిపోతుంది. మొదటిసారి పడినప్పుడు టార్చి పట్టుకుని కింద మీటరు గదికి తీసుకెళ్లింది ఆవిడే. తలంటుకుని తడి జుట్టుతో బాల్కనీలోకి వస్తే కింద నుంచి గట్టిగా కేకేసేది, 'కోల్పో దారియా' అని. గాలి దెబ్బ తగులుతుందని. తణుకులో మా అమ్మమ్మ ఇదే మాట ఇదే గొంతుతో అనేది. మీ మెట్ల మీద ఎదురైన ప్రతి ఒక్కరికీ బొంజోర్నో చెప్పండి. లిఫ్టులోనూ చెప్పండి. మనవైపు ముక్కూమొహం తెలియనివాళ్లని పలకరించం. అక్కడ పలకరించకపోతే పొగరనుకుంటారు.

ఇప్పుడు మీ వారి సంగతి. ఆయన మీద నాకు జాలిగా ఉందమ్మా. మీరు ఐదేళ్ల ఉద్యోగం వదిలి వచ్చారు, దానికి బదులుగా ఏం ఇవ్వాలో ఆయనకి తెలియక రోమ్ ఇస్తున్నారు, వెనిస్ ఇస్తున్నారు. ఇంట్లో ఉందామని మీరన్నప్పుడు, నేనిచ్చింది చాలలేదన్నట్టు వినపడి ఉంటుంది. కాబట్టి ఈ మాట శనివారం పొద్దున బ్యాగు ముందు కూర్చుని మాట్లాడకండి. మధ్యవారంలో, భోజనం అయ్యాక, ఫోన్లు పక్కన పెట్టి మాట్లాడండి. మా వారితో నేనన్న మాటలు ఇవి: "నువ్వు నాకు చాలా చూపించావు. అవన్నీ నాకు గుర్తున్నాయి. కానీ ఈ ఊళ్లో నువ్వు లేకుండా నేను ఒక్క అడుగు వేయలేకపోతున్నాను, అది నాకు భయంగా ఉంది. నాకు సాయం చెయ్యి." ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆఫీసులో అందరూ మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర గబగబా ఇటాలియన్‌లో నవ్వుకుంటుంటే తనకీ ఏమీ అర్థం కాదనీ, శనివారం రైలెక్కితే గాని ఆ వారం మరిచిపోలేననీ చెప్పారు. ఇద్దరం రెండేళ్లు ఒకే బాధని విడివిడిగా మోశామని ఆ రాత్రి తెలిసింది. మీ ఇంట్లోనూ అదే అని నేననను, కానీ అడిగి చూడండి.

ప్రయాణాలు పూర్తిగా మానమని అస్సలు చెప్పను. నెలలో రెండు వారాంతాలు ఊళ్లోనే ఉండండి, ఒక ఆదివారం దగ్గర్లోకి వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి, దూరప్రయాణం ఒక్కటి చాలు. ఊళ్లో ఉండటమంటే ఇంట్లో ముడుచుకుని ఉండటం కాదు. మీ టురిన్‌లో సుమారు 18 కిలోమీటర్ల మేర వసారాలున్నాయి. వానలో కూడా గొడుగు లేకుండా వియా పో వెంట నది దాకా నడిచి వెళ్లచ్చు. సాయంత్రం ఆరింటికి ఊరంతా అలా పని లేకుండా నడుస్తుంది, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పస్సెజ్జాతా. మీరిద్దరూ వాళ్లలో కలిసి నడవండి. కాఫీ నిలబడి తాగండి, బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం, మీ ఊళ్లో రాజుల ప్యాలెస్ కూడా అందులోదే. 'అబ్బొనమెంతో ముజెయి' అని ఏడాది కార్డు ఒకటి ఉంది, అది మీ ఒక్కరికైనా తప్పకుండా కొనుక్కోండి. ఈజిప్షియన్ మ్యూజియంతో సహా బోలెడు చోట్లకి ఎన్నిసార్లైనా వెళ్లచ్చు. ఆ మ్యూజియం 1824 నాటిది, ఒక రోజులో చూస్తే కాళ్ల నొప్పులు తప్ప ఏమీ మిగలదు. నేను మంగళవారాలు ఒక్కదాన్నే వెళ్లి అరగంట ఒక్క గదిలో కూర్చుని వచ్చేసేదాన్ని. డబ్బు కట్టేశాం కాబట్టి మొత్తం చూడాలన్న తొందర లేకపోవడం ఎంత హాయో చెప్పలేను.

దగ్గరి ఊళ్ల విషయంలో నా సలహా ఒకటే. కొత్త ఊరు వెతక్కండి, ఒకే చోటుకి నాలుగు కాలాల్లో నాలుగుసార్లు వెళ్లండి. నాకు ఆ చోటు వెర్చెల్లి. టురిన్ నుంచి మిలాన్ వెళ్లే రీజనల్ రైల్లో గంట లోపు. ప్రయాణాల పుస్తకాల్లో దానికి పెద్దగా చోటుండదు. మొదటిసారి మేము మిలాన్ వెళ్తూ దాన్ని దాటాం, ఏప్రిల్ చివర్లో. కిటికీలోంచి చూస్తే రెండు వైపులా నీళ్లు నిలిపిన వరిమళ్లు. గట్లు, కాలువలు, గట్ల మీద కొంగలు. నేను తణుకు పక్క పల్లెలో పుట్టినదాన్ని, ఆ దృశ్యం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా వారు మిలాన్‌లో ఏం చూడాలో ఫోన్లో చదువుతున్నారు, నేను కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాను. మిలాన్‌లో ఏం చూశానో ఇవాళ సరిగా గుర్తులేదు.

ఆ తర్వాత వెర్చెల్లిలో దిగడం మొదలుపెట్టాం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు కడతారు. ఆ చదరాల నీటిని అక్కడివాళ్లు గళ్ల సముద్రం అంటారు. జూలైకి మన పచ్చదనమే. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతలు. నవంబరులో పొగమంచు, ఖాళీ మళ్లు. ఆ నీళ్లు తెచ్చే పెద్ద కాలువ కావూర్ కాలువ, 1863లో తవ్వడం మొదలుపెట్టి 1866కి పూర్తి చేశారు, పో నది నీళ్లు మళ్లించడానికి. ఇక్కడి కాలువలకీ మనకీ ఒక సంబంధం ఉందని నాకు చాలా తర్వాత తెలిసింది. బెయర్డ్ స్మిత్ అనే ఇంజనీరు ఈస్టిండియా కంపెనీ కోసం టురిన్ ఉన్న పీడ్‌మాంట్, పక్కనున్న లొంబార్డీ ప్రాంతాల్లో అప్పటికే ఉన్న కాలువల్ని స్వయంగా తిరిగి చూసి 1852లో నివేదిక రాశాడు. అదే మనిషి నాలుగేళ్ల తర్వాత కావేరి, కృష్ణా, గోదావరి పనుల మీదా రాశాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది కాటన్ దొర, అది మనందరికీ తెలుసు. మా డెల్టా నీళ్లనీ ఈ వైపు పాత కాలువల్నీ ఒకే మనిషి కొలిచి చూశాడని తెలిశాక వెర్చెల్లి నాకు పరాయి ఊరు కాలేదు. ఒకప్పుడు ఈ మళ్లలో కలుపు తీసింది ఆడవాళ్లే. మొందీనె అనేవారు. వేరే ఊళ్ల నుంచి రైళ్లలో వచ్చి, మోకాలి లోతు నీళ్లలో రోజంతా వంగి పని చేసి, సీజన్ అయ్యాక తిరిగి వెళ్లేవాళ్లు. మా ఊరి నాట్ల కూలీల నడుములు గుర్తొచ్చి వాళ్ల పాత ఫొటోల ముందు నేను కదల్లేకపోయాను.

మీది ఖమ్మం కాబట్టి మీకు వెర్చెల్లి ఇంతగా పట్టకపోవచ్చు. మీకు ఇంకేదో పడుతుంది. సముద్రం అయితే లిగూరియా వైపు వెళ్లండి, సవోనా, జెనోవా వెళ్లి కాగితంలో చుట్టి ఇచ్చే ఫరినాతా తినండి. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చిన శనగపిండి అట్టు అది. శాకాహారులైతే ఇంకో జాగ్రత్త. 'సెంజా కార్నె', మాంసం లేకుండా అని చెప్పినా ప్రొషుత్తో అనే పంది మాంసం ముక్కలు వేసి తెస్తారు, అది వాళ్ల లెక్కలో మాంసం కిందికి రాదేమో అనిపిస్తుంది. విడిగా చెప్పాలి. రైలు కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు యంత్రంలో ముద్ర వేసుకోవడం మరవకండి. సమ్మె రోజుల్లో కూడా పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రైళ్లు నడిచి తీరాలి. ఇవి తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇక హైదరాబాద్. ఏడాది వెళ్లే ముందు మీ పెర్మెస్సో కార్డు తీసి గడువు చూసుకోండి, ఇది చాలామందికి తెలియదు. మీది ఏడాది కార్డైతే ఏకబిగిన ఆరు నెలలు దాటి ఇటలీ బయట ఉంటే రెన్యువల్ ఇవ్వరు. రెండేళ్లది, అంతకు మించినది అయితే దాని గడువులో సగం కన్నా ఎక్కువ ఏకబిగిన బయట ఉండకూడదు. తీవ్రమైన కారణం రుజువు చేయగలిగితే తప్ప మినహాయింపు లేదు. ఐదేళ్ల తర్వాత దీర్ఘకాలపు కార్డు కావాలంటే లెక్క ఇంకా గట్టిది. ఆ ఐదేళ్లలో ఒకేసారి ఆరు నెలలు, మొత్తం కలిపి పది నెలలు మించి బయట ఉండకూడదు. అంటే ఏడాది వెళ్లడమంటే టికెట్ కొనుక్కోవడం మాత్రమే కాదు, తిరిగి రావడానికి మళ్లీ మొదటి నుంచి వీసా దాకా వెళ్లాల్సి రావచ్చు. రెండు, మూడు నెలలు వెళ్లి రండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లేదా వసంతంలో అమ్మని పిలిపించుకోండి. ఆవిడ వచ్చాక 48 గంటల్లో మీ ఇంట్లో అతిథి ఉన్నారని పోలీసులకు కాగితం ఇవ్వాలి, ఆ పని మీరే వెళ్లి చేయండి. సంతలో మీరు మాట్లాడుతుంటే అమ్మ పక్కన నిలబడి చూడాలి.

ఉద్యోగం మీద ఆశ వదులుకోవద్దు. కుటుంబ పెర్మెస్సో మీద ఉద్యోగం చేయచ్చు, వేరే అనుమతి అక్కర్లేదు. మీ ఐదేళ్ల టెస్టింగ్ అనుభవం ఎక్కడికీ పోలేదు, దానికి ఇటాలియన్ తోడైతే తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. పాత కంపెనీకి అక్కడి నుంచి పని చేసే వీలుంటే అదీ మంచిదే, కాకపోతే ఏడాదిలో 183 రోజులు దాటి అక్కడ నివసిస్తే పన్ను లెక్క ఇటలీలో వస్తుంది. మొదలుపెట్టే ముందు కొమ్మెర్చలిస్తాని, అంటే అక్కడి ఆడిటరుని, ఒకసారి కలవండి.

నిర్ణయం మాత్రం ఈ చలికాలంలో తీసుకోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ పొగమంచులో నేను ఏడేళ్లలో ఏడుసార్లు సూట్‌కేసు కిందికి దించాను. జూన్ దాకా సమయం ఇవ్వండి. అప్పటికీ సోమవారం అంటే గుండె బరువెక్కుతుంటే, వెళ్లండి, ఆ వెళ్లడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒక్క విషయంలో జూన్ దాకా ఆగొద్దు. రోజూ ఏడుపు వస్తున్నా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా వెంటనే మీ వారికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వం నడిపే 'కొన్సుల్తోరియో ఫమిలియారె' కేంద్రాల్లో మనస్తత్వ నిపుణులుంటారు, ఖర్చు ఉండదు, ఉన్నా చాలా తక్కువ. తెలుగులో మాట్లాడితే గాని మనసు తెరుచుకోదనిపిస్తే హైదరాబాద్‌లోని నిపుణులతో వీడియోలో మాట్లాడండి. ఇది జ్వరానికి మందు వేసుకోవడం లాంటిదే.

ఈ శనివారం బ్యాగు సర్దకండి. సంచీ ఒకటి తీసుకుని ఇద్దరూ పోర్తా పలాత్సోకి వెళ్లండి, అరకిలో వంకాయలు మీరే అడిగి కొనండి, వచ్చి గుత్తి వంకాయ చేయండి. మిక్సీ మాత్రం మధ్యాహ్నం వేయకండి. ఏప్రిల్ చివర్లో ఎప్పుడైనా మిలాన్ వైపు రీజనల్ రైలెక్కితే ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోండి. ఆకాశం తేటగా ఉంటే నీళ్లు నిలిపిన మడుల అవతల మొంతె రోజా కనిపిస్తుంది, 4,634 మీటర్ల కొండ, దాని ప్రతిబింబం వరిమడి నీళ్లలో పడుతుంది. చూశాక నాకు రాయండి.